క్రీడా నగరం సరే, కూలి బతుకు మాటేమిటి?

అమరావతి చుట్టుపక్కల మళ్ళీ భూముల లెక్కలు మొదలైనాయి. ఈసారి వినబడుతున్న పేర్లు రెండు. ఒకటి అంతర్జాతీయ విమానాశ్రయం, రెండోది అంతర్జాతీయ క్రీడా నగరం. విమానాశ్రయానికి 5,000 ఎకరాలు, క్రీడా నగరానికి 2,500 ఎకరాలు, పరిశ్రమలకు మరో 2,500 ఎకరాలు కావాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ సంవత్సరం నవంబరులో రెండో విడత భూసమీకరణకు మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి, వడ్డమాను, హరిశ్చంద్రపురం, పెదపరిమి గ్రామాలలో 16 వేల ఎకరాలకు పైబడిన భూమి దీని కిందికి వస్తుంది.

దీనిమీద చర్చ జరుగుతున్నది. జరగవలసిందే. రైతులు అడుగుతున్నారు: ఎకరాకు ఎన్ని గజాలు ఇస్తారు? ప్లాటు ఎక్కడిస్తారు, ఎప్పటికిస్తారు? మొదటి విడతలో ఇచ్చినవాళ్ళు పదేళ్ళు పడిన పాట్లు చూశాం గదా, మాకేమిటి హామీ? ఇవి న్యాయమైన ప్రశ్నలు. ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలి. ప్రభుత్వ పక్షం వారు అంటున్నారు: రాజధానికి విమానాలు రావాలి, పెద్ద పెద్ద ఆటల పోటీలు రావాలి, యువకులకు ఉద్యోగాలు రావాలి. వినడానికి బాగానే వుంది.

అయితే ఈ రెండు పక్షాల మధ్య ఇంకొక మనిషి వుంది. ఆ పొలంలో కలుపు తీసేది, మిరపకాయలు కోసేది, పత్తి తీసేది ఆమె. ఆమెను ఎవరూ పిలిచి అడగలేదు. అంగీకార పత్రం మీద ఆమె సంతకానికి చోటే లేదు. సెంటు భూమి లేనివాళ్ళకు కూడా ఒక అభ్యంతరం వుండవచ్చునన్న సంగతే పెద్దలకు తట్టినట్టు లేదు. ఈ చర్చలో ఆమె తరపున మాట్లాడడం మా బాధ్యత అనుకుంటున్నాం.

భూమి పోతే పోయేది ఏమిటి?

ఆసామికి ఎకరా అంటే ఆస్తి. కూలికి ఎకరా అంటే పనిదినాలు. ఆస్తిని గజాల్లోకి మార్చవచ్చు, ప్లాటు కింద మళ్ళీ చేతికి రావచ్చు. పనిదినం పోతే పోయినట్టే. దానికి బదులు పనిదినం ఎవరూ ఇవ్వడం లేదు.

మిరప పంట సంగతి చూడండి. నారు పోసిన నాటినుంచి మొక్క నాటడం, రెండు మూడు దఫాలు కలుపు తీయడం, కాయ పండాక ఒకటికి రెండు మూడు కోతలు కోయడం, కల్లంలో ఆరబోయడం, తాలుకాయ ఏరడం. ఇదంతా చేతిపనే. ఇందులో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతిపని. పత్తి కూడా అంతే. గింజ గుచ్చడం దగ్గరనుంచి ఆఖరి తీత వరకు ముఠాలు ముఠాలుగా పని వుంటుంది. కృష్ణ ఒడ్డున జరీబు నేలలో అయితే పని లేని నెల అంటూ వుండదు. అరటి, పసుపు, కంద, కూరగాయలు, పూలు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే వుంటాయి. అటువంటి నేలను నమ్ముకుని మాలపల్లి, మాదిగపల్లి, వెనుకబడిన కులాల పేటలు తరతరాలుగా బతికాయి.

రోజుకూలి ఒక్కటే కాదు పోయేది. గట్టుమీద గడ్డి కోసుకొచ్చి గేదెకు వేస్తారు. ఆ పాలు అమ్మి పిల్లల బడి ఖర్చు వెళ్ళదీస్తారు. పత్తికట్టె తెచ్చి పొయ్యిలో పెడతారు. చేను కోసిన తర్వాత పరిగె ఏరుకుంటారు. ఇంట్లో జబ్బు చేస్తే ఆసామి దగ్గర చేబదులు తెచ్చుకుని కోతల్లో తీర్చుకుంటారు. ఇవేవీ ఏ సర్వే నంబరులోనూ వుండవు, ఏ అధికారి పట్టికలోనూ ఎక్కవు. పొలానికి కంచె పడిన రోజున మాత్రం ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

2015 నేర్పిన పాఠం

ఇది మా ఊహ కాదు. మన కళ్ళముందు జరిగిన సంగతి. 2015లో మొదటి విడత సమీకరణ కింద 29 గ్రామాలలో సుమారు 34 వేల ఎకరాలు తీసుకున్నారు. ఆసాములకు ఎకరాకు వెయ్యి గజాల ఇంటిస్థలం, దానికి తోడు మెట్ట అయితే 250, జరీబు అయితే 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. పంట బదులుగా ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు చొప్పున పదేళ్ళు కౌలు చెల్లిస్తామన్నారు. ఆ కౌలు కోసం, ఆ ప్లాట్ల కోసం రైతులు కూడా రోడ్డెక్కవలసి వచ్చిందన్నది వేరే కథ. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది మొదలు 2024లో ప్రభుత్వం మారేవరకు వాళ్ళు పడిన యాతన మనకు తెలుసు. వాళ్ళ పట్ల మాకు సానుభూతి వున్నది.

మరి అదే భూమిని కౌలుకు తీసుకుని దున్నిన కౌలు రైతుకు ఏమి వచ్చింది? ఏమీ రాలేదు. ఏటా ఇచ్చే ఆ డబ్బును కౌలు అన్నారు గాని, అది వెళ్ళింది పట్టాదారు ఖాతాకే. అప్పు తెచ్చి ఎరువు వేసినవాడు ఎద్దుల్ని అమ్ముకుని పక్క మండలానికి పోయాడు.

కూలి కుటుంబానికి ఏమి వచ్చింది? నెలకు 2,500 రూపాయల పింఛను. మనిషికి కాదు, కుటుంబానికి. భార్య, భర్త, ఎదిగిన కొడుకు ముగ్గురూ కూలికి పోయే ఇంటికి కూడా ఒకటే పింఛను. లెక్క వేస్తే రోజుకు 83 రూపాయలు. 2024లో దీనిని 5 వేలకు పెంచుతామని ప్రకటించారు. అప్పుడైనా కుటుంబం మొత్తానికి రోజుకు 166 రూపాయలు. 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి ఒక్క మనిషికి ఒక్క రోజుకు కట్టిన కూలి 307 రూపాయలు. ప్రభుత్వం లెక్కలోనే ఒక మనిషి ఒక రోజు మట్టి తవ్వితే వచ్చేదానిలో ఈ పింఛను సగం మాత్రమే. దాంతో ఇల్లంతా బతకాలట!

ఇంకొక మాట కూడా అప్పటి నిబంధనల్లో రాసి వున్నది. ప్రతి కుటుంబానికి ఏడాదికి 365 రోజులు ఉపాధి హామీ కింద పని చూపిస్తామన్నారు. ఆ 365 రోజులు ఎవరికి అందాయి? పని చూపించవలసిన పొలాలు బీడు పడి ముళ్ళతుప్పలు మొలిచాయి. ఆ గ్రామాల ఆడకూలీలు తెల్లవారుజామునే అన్నం మూటలు కట్టుకుని, ఆటోల్లో కిక్కిరిసి కూర్చుని దూరపు ఊళ్ళకు కూలికి పోవడం నేర్చుకున్నారు. ఊరి పొలానికి నడిచి పోయే మనిషి రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు మీద గడపవలసి వచ్చింది. ఆటో చార్జీ కూలిలోంచే పోయింది.

నిర్మాణాల్లో పని దొరుకుతుంది గదా అంటారు. ఎవరికి దొరికింది? యంత్రాలు చేసిన పని యంత్రాలు చేశాయి. మిగిలిన పనికి కంట్రాక్టర్లు బయటి రాష్ట్రాల నుంచి వలస కార్మికులను తెచ్చి రేకుల షెడ్లలో పెట్టారు. ఆ కార్మికులు మన సోదరులే, వాళ్ళమీద మాకు కోపం లేదు. మేమడిగేది ఒక్కటే: ముప్ఫై ఏళ్ళు నడుం వంచి కలుపు తీసిన యాభై ఏళ్ళ స్త్రీని ఏ కంట్రాక్టరు పనిలో పెట్టుకుంటాడు? విమానాశ్రయం లోపల ఆమెకు ఏ ఉద్యోగం వున్నది? స్టేడియం ఊడ్చే పని అయినా ఆమెకే ఇస్తామని ఎవరైనా రాసిచ్చారా?

చట్టం ఏమంటున్నది?

ఈ సంగతి కూలిజనం అందరికీ తెలియాలి. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం కూలివాళ్ళను మనుషులుగా గుర్తించింది. ఆ చట్టం ప్రకారం బాధిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్ళు ఆ ప్రాంతంలో పని చేసి, దానిమీదనే ప్రధానంగా బతికే వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. భూమి తీసుకునే ముందు ఎవరి బతుకు ఎంత దెబ్బతింటుందో అధ్యయనం చేయాలి, ప్రజల ముందు విచారణ జరపాలి. బాధిత కుటుంబానికి ఒక ఉద్యోగమో, లేదా 5 లక్షల రూపాయలో, లేదా నెలకు 2 వేలకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళపాటు, ధరలతో పాటు పెరిగే భృతో చూపించాలి. రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడు మాత్రమే ముట్టుకోవాలి.

చట్టంలో ఇంత వుంటే మరి చిక్కెక్కడ? చిక్కు సమీకరణ అన్న మాటలో వుంది. సేకరణ అయితే చట్టం వర్తిస్తుంది. సమీకరణ అంటే ఆసామి తనంతట తానే ఇచ్చాడన్నమాట. ఆసామి తన ఇష్టంతో ఇస్తే ఇక బాధితులెవరని ప్రశ్న. ఆ విధంగా ఒక సంతకంతో ఆ పొలం మీద బతికే పదిమంది హక్కు గాలికి పోతున్నది. అదీ చాలక, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించుకునే వీలు కల్పిస్తూ 2018లో రాష్ట్ర ప్రభుత్వం చట్టానికి సవరణ కూడా తెచ్చుకున్నది. ఇష్టపూర్వకం అని పెద్దలంటున్నారు. ఎవరి ఇష్టం? కూలి ఇష్టం ఎప్పుడు అడిగారు?

ఆటకు ఎంత నేల కావాలి?

ఇప్పుడు క్రీడా నగరం సంగతికి వద్దాం. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రికెట్ స్టేడియం అహమ్మదాబాదులో వున్నది. లక్షా 32 వేల మంది కూర్చునే ఆ స్టేడియం ఆవరణ అంతా కలిపి 63 ఎకరాలు. మన క్రీడా నగరానికి అడుగుతున్నది 2,500 ఎకరాలు. అంటే అటువంటి స్టేడియాలు నలభైకి దగ్గరగా పడతాయి. నలభై స్టేడియాలు కట్టబోవడం లేదని అందరికీ తెలుసు. మిగతా నేలలో ఏమి కడతారు? హోటళ్ళా, విల్లాలా, మాల్సా? ఎవరు కడతారు, ఎవరికి అమ్ముకుంటారు? ఇది చెప్పకుండా ఆటల పేరెత్తడం మోసం.

మంగళగిరి దగ్గర నవులూరులో మొదలుపెట్టిన క్రికెట్ స్టేడియం పదేళ్ళకు పైబడి పని సాగుతూ ఆగుతూ వచ్చింది. చేతిలో వున్నదాన్ని పూర్తి చేయకుండా కొత్తదానికి పొలాలు అడగడం ఏమి న్యాయం? మొదటి విడతలో తీసుకున్న 34 వేల ఎకరాలలో ఆటస్థలానికి చోటు దొరకలేదా? దొరకకపోతే ఆ భూమి ఏ ఏ సంస్థలకు ఎంతెంత ఇచ్చారో లెక్క ప్రజల ముందు పెట్టండి.

విమానాశ్రయం మాటా అంతే. గన్నవరంలో విమానాశ్రయం వున్నది. దాని విస్తరణకు బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు సుమారు 700 ఎకరాలు ఇచ్చారు. బదులుగా అమరావతిలో ప్లాట్లు చూపిస్తామన్నారు. అక్కడ కొత్త టెర్మినల్ పని 2025లో కూడా సాగుతూనే వుంది. అది చాలదంటే ఎందుకు చాలదో, ఏటా ఎంతమంది ఎక్కి దిగుతున్నారో, ఇంకెంతమంది రాబోతున్నారో ఆ లెక్క గ్రామసభలో తెలుగులో చదివి వినిపించండి. వినకముందే సంతకం పెట్టమనడం మాత్రం కుదరదు.

ఆటల పేరు చెప్పి భూములు ఎటు పోతాయో హైదరాబాదు కథ ఒకటి వున్నది. 2003 ఆగస్టులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో క్రీడా శిక్షణ సంస్థల పేరిట ఒప్పందం చేసుకున్నది. మొత్తం 850 ఎకరాలు. అందులో 400 ఎకరాలు గచ్చిబౌలి వైపు, 450 ఎకరాలు శంషాబాద్ విమానాశ్రయం రాబోయే చోటికి దగ్గరలో మామిడిపల్లి వద్ద. విమానాశ్రయం, ఆటలు అప్పుడూ జంటగానే వచ్చాయి! 2004 ఫిబ్రవరిలో గచ్చిబౌలి 400 ఎకరాలను ఎకరా 50 వేల చొప్పున రిజిస్టరు చేసి ఇచ్చారు. 2006లో తర్వాతి ప్రభుత్వం దానిని రద్దు చేసింది. వ్యాజ్యం నడిచి నడిచి 2024 మార్చిలో హైకోర్టు ఆ రద్దు సరైనదేనన్నది. ఇరవై ఏళ్ళలో అక్కడ ఒక్క పిల్లవాడూ పరుగు నేర్చుకోలేదు. ఆఖరికి 2025లో అదే 400 ఎకరాలను ఐటీ కంపెనీల కోసం చదును చేయబోతే విద్యార్థులు అడ్డం పడ్డారు, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పని ఆపమన్నది. ఆటస్థలం అని మొదలైనది ఎక్కడికి చేరిందో చూశారు గదా!

మేము ఆటలకు విరోధులం కాము

ఈ మాట స్పష్టంగా చెప్పాలి. కూలి పిల్లలకు ఆటలు వద్దనేవాళ్ళం కాము. మన పేటల్లో పిల్లలు కబడ్డీ, వాలీబాల్ ఆడేది కల్లాల్లో, చెరువు గట్టుమీద. వాళ్ళకు ఒక మంచి మైదానం, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, రెండు పూటలా కడుపునిండా తిండి వుంటే ఏమి చేయగలరో దేశం చూసింది. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి చేసుకు బతికే తల్లిదండ్రుల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఈ పతకాలు వేల ఎకరాల క్రీడా నగరంలో పుట్టినవి కావు, చిన్న ఊళ్ళలో పుట్టాయి.

ప్రతి ఊరి బడికి రెండు మూడు ఎకరాల ఆటస్థలం, ఖాళీగా వున్న వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టుల భర్తీ, హాస్టళ్ళలో మంచి భోజనం - వీటికి ఎవరి పొలమూ గుంజుకోనక్కరలేదు. క్రీడాభిమానం నిజమే అయితే అక్కడ మొదలుపెట్టాలి. అలాకాక కూలి తల్లి పని తీసేసి ఆమె కూతురికి స్టేడియం చూపిస్తామంటే, ఆ పిల్ల టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోయేది కూడా కల్ల.

రైతు సోదరులకు ఒక మాట

భూమి ఇవ్వాలా వద్దా అని ఇళ్ళలో తర్జనభర్జన పడుతున్న రైతులున్నారు. అప్పుల్లో మునిగినవాడు, పిల్లల పెళ్ళిళ్ళు ఎదురుగా వున్నవాడు ఇద్దామనుకోవచ్చు. వాళ్ళను మేము నిందించం. సేద్యం గిట్టకుండా చేసింది ఎవరో మాకు తెలుసు. కాని ఒక్క మాట ఆలోచించండి. రెండెకరాల రైతు పొలం ఇచ్చిన మర్నాటి నుంచి అతనూ కూలీల వరుసలోకే వస్తాడు. ప్లాటు చేతికొచ్చి ధర పలికేదాకా అతని ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. కూలీకి హామీ లేని పథకంలో చిన్న రైతుకూ హామీ వుండదు.

కూలీలు అడ్డం పడుతున్నారని రైతులకు, రైతులు అమ్ముకుంటున్నారని కూలీలకు చెప్పి చీల్చాలని చూసేవాళ్ళు బయలుదేరతారు. దళారులకు కావలసింది అదే. చిన్న రైతు, కౌలు రైతు, కూలి ఒక్క జెండా కింద నిలబడితేనే ఎవరికైనా న్యాయం దక్కుతుంది.

మన కోర్కెలు

ప్రభుత్వాన్ని మేము డిమాండ్ చేస్తున్నది ఇది. సమీకరణ అనే పేరు పెట్టినా సరే, 2013 చట్టంలో కూలీలకు, కౌలుదార్లకు వున్న హక్కులన్నీ ఈ ఏడు గ్రామాలలో అమలు జరపాలి. అంగీకార పత్రాలు తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేసి తెలుగులో ప్రచురించాలి. భృతి కుటుంబానికి కాక పని చేసే ప్రతి మనిషికి కట్టాలి, అది కనీసం ఉపాధి హామీ కూలికి తగ్గకూడదు, ధరలతో పాటు పెరగాలి. కౌలుదారుకు పంట బదులు సొమ్ములో వాటా వుండాలి. అసైన్డు భూములకు పట్టా భూములతో సమానంగా కట్టాలి. జరీబు భూముల జోలికి పోకూడదు. క్రీడా నగరానికి 2,500 ఎకరాలు ఎందుకో అంగుళం అంగుళం లెక్క చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ప్రతిపాదన విరమించుకోవాలి.

కోర్కెలు రాస్తే చాలదు. ప్రతి పేటలో కార్యకర్తలు కూర్చుని మన జాబితా మనమే రాయాలి. ఏ ఇంట్లో ఎంతమంది కూలికి పోతారు, ఎవరి పొలంలో, ఏ పంటలో, ఏడాదికి ఎన్ని రోజులు, ఎవరు ఎంత కౌలు చేస్తున్నారు, ఎన్ని పశువులున్నాయి అన్నీ రాయాలి. మూడేళ్ళ పని రుజువు చట్టం అడుగుతుంది గనక జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, కౌలు కార్డు ఏది వుంటే అది జాగ్రత్త పెట్టుకోవాలి. గ్రామసభ అంటే ఆసాముల సభ కాదు. ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషి సభ అది. ఆ రోజు కూలి మానుకుని అయినా ఆడవాళ్ళు ముందు వరుసలో కూర్చోవాలి. మన అభ్యంతరం తీర్మానాల పుస్తకంలో రాసేదాకా, రాసినది చదివి వినిపించేదాకా లేవకూడదు. అధికారి రాయనంటే అదే అభ్యంతరం కాగితం మీద రాసి, అందరి వేలిముద్రలు వేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

2015లో మనల్ని లెక్కలో వేయలేదు. అప్పుడు మన చేతిలో మన లెక్క లేదు. ఈసారి జాబితా ముందే సిద్ధం కావాలి. ఏడు గ్రామాల కూలీలు, కౌలు రైతులు ఈ పనికి వెంటనే పూనుకోవాలని పిలుపునిస్తున్నాం.